ఎంగిలి డబ్బా

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి తలుచుకుందాం. సిరిసిల్ల సాంచాలవాడ చివర, ఒకప్పుడు ఊరి చెత్తంతా తెచ్చి కుప్ప పోసి కాల్చిన జాగాలో, ఇప్పుడు మహిళా సంఘం వాళ్ళ చెత్త షెడ్డు నడుస్తోంది. ఆ షెడ్డును ఆఫీసుల చుట్టూ తిరిగి, బతిమాలి, పోట్లాడి తెచ్చిన మనిషి అనురాధ. పుట్టింది కోరుట్లలో, మెట్టింది సాంచాలవాడలో. సాంచాలంటే మరమగ్గాలు, ఆ వాడలో సాంచ చప్పుడు లేని ఇల్లు లేదు. కుప్ప కాలిన రోజుల్లో పొగ లోపలికి వచ్చి సాంచ మీది బట్టకు పట్టేది. వాసన కొట్టే తానులను సేట్లు తిప్పి పంపేవాళ్ళు. అనురాధ మామ దేవదాసుకు పట్టుకున్న దగ్గు ఆ పొగ పెట్టిందే. షెడ్డు వచ్చాక పొగ ఆగింది.

కానీ షెడ్డు నిలవాలంటే వాడలో ప్రతి ఇల్లూ తడి చెత్తను పచ్చ డబ్బాలో, పొడి చెత్తను నీలం డబ్బాలో వెయ్యాలి. జగిత్యాల నుంచి స్పందన అనే కాలేజీ పిల్ల వచ్చి ఇల్లిల్లూ తిరిగి అడిగింది. అందరూ వేరు చేస్తున్నామనే చెప్పారు. డబ్బాలు తెరిస్తే అంతా కలగాపులగం. సాంచాలవాడ వాళ్ళు నోటితో ఒకటి చెప్పి చేతితో ఒకటి చేస్తారని పేరు పడింది. పోయిన వారం భాగం చివర శానిటరీ ఇన్‌స్పెక్టర్ విజయ్ వచ్చి పచ్చ డబ్బాలోంచి నీళ్ళ సీసా ఒకటి తీసి అనురాధ ముందు పెట్టాడు. రేపు పొద్దున పెద్ద సార్లు చూడ్డానికి వస్తున్నారని, వాళ్ళకూ ఇదే కనబడితే షెడ్డుకు తాళం పడుతుందని, జాగా మళ్ళీ కుప్పకే పోతుందని చెప్పాడు. వెనకట ట్రాక్టర్లు పెట్టి ఆ చెత్త మోసిన కాంట్రాక్టర్ జయంత్ రావు అప్పుడే ఆఫీసు మెట్లెక్కి దిగుతున్నాడని కూడా చెవిన వేసి వెళ్ళిపోయాడు.

సార్ బండి లేపిన దుమ్ము అణిగేదాకా అనురాధ అక్కడే నిలబడింది.

షెడ్డులో తనతో పని చేసే ఆడవాళ్ళు బువ్వకని ఇళ్ళకు పోయారు. ఆమెకు ఆకలి లేదు. ఏడుపూ రాలేదు. బీడీల చాట ముందు తల ఎత్తకుండా కూర్చున్న తల్లి ఒడిలో పెరిగిన పిల్ల. చేతికి పని చెబితే మనసు దానంతట అదే దారికొస్తుందని చిన్నప్పుడే నేర్చుకుంది. కొంగు నడుముకు బిగించింది. సార్‌కు చూపించడానికని ఆ పూట ఇళ్ళ నుంచి నేరుగా తెప్పించిన డబ్బాలు వరుసగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే నేల మీద బోర్లించింది, ఏ ఇంటి కుప్ప ఆ ఇంటిదిగా.

ఇన్నాళ్ళూ ఆ కుప్పలను కోపంతోనే చూసింది. కోపంతో చూసే కంటికి తప్పు కనబడుతుంది గానీ తప్పు వెనక ఉన్నది కనబడదు. ఈసారి కర్ర పట్టుకుని మెల్లగా కెలికింది.

మొదటి ఇంటి పచ్చ డబ్బాలో తిని వదిలిన అన్నం, కోడి బొక్కలు, చాయ తాగిన కాగితం కప్పులు, ఫంక్షన్ నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ ప్లేటు, నీళ్ళ సీసా. పక్కింటిదీ అంతే. ఆ పక్కదీ అంతే. నీలం డబ్బాల్లో ఉల్లిపొట్టు, బీరకాయ చెక్కు, పాల ప్యాకెట్టు, చిత్తు కాగితాలు, సాంచ కింద ఊడ్చిన దారప్పోగులు. అది కూడా అన్ని ఇళ్ళదీ ఒక్క తీరే. మళ్ళీ మొదటి నుంచీ కెలికింది. ఏ ఒక్క ఇంట్లోనూ ఉల్లిపొట్టు పచ్చ డబ్బాలో పడలేదు. ఏ ఒక్క ఇంట్లోనూ నీళ్ళ సీసా నీలం డబ్బాలో పడలేదు.

ఆమె చేతిలో కర్ర ఆగిపోయింది. పట్టింపు లేని మనిషి ఎటు పడితే అటు విసిరేస్తాడు. ఒక రోజు ఇందులో పడుతుంది, ఒక రోజు అందులో పడుతుంది. పట్టింపు లేని చేతులు ఇంత తీరుగా తప్పు చెయ్యవు. వాడ నిజంగానే వేరు చేస్తోంది. స్పందనతో చెప్పింది అబద్ధం కాదు. మరి దేని నుంచి దేన్ని వేరు చేస్తోంది?

ఆ ప్రశ్న నెత్తిన పెట్టుకుని ముత్తవ్వ ఇంటికి పోయింది. ముత్తవ్వ ఆ వాడలో నోరున్న మనిషి. మొన్న మీటింగులో అనురాధ అందరి మీదా గొంతు లేపినప్పుడు, మా చెత్త కన్నా నీ నోరే ఎక్కువ కంపు కొడుతోందని అన్నది ఆమే. గుమ్మంలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. అనురాధను చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. అనురాధ కూడా ఏమీ అడగలేదు. పక్కన చతికిలబడి, చిక్కుడుకాయల చాట లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అడిగితే మనిషి జవాబు చెబుతుంది. చూస్తూ కూర్చుంటే చేతులు చెబుతాయి.

చెక్కంతా నీలం డబ్బాలోకి పోయింది. లోపలి నుంచి మనవరాలు శ్రీజ చిప్స్ తిని ఖాళీ ప్యాకెట్టు తెచ్చింది. ముత్తవ్వ దాన్ని రెండు వేళ్ళతో కొసన పట్టుకుని పచ్చ డబ్బాలో జారవిడిచి, వేళ్ళు చెంబు నీళ్ళతో కడుక్కుంది. ఆ కడుక్కోవడం చూశాక అనురాధకు సగం అర్థమైంది.

"ముత్తవ్వా, ఆ ప్యాకెట్టు తడిలేదు గదా. పచ్చదాంట్ల ఎందుకేసినవ్?"

"పిల్ల నోట్ల వెట్టుకున్న చెయ్యి దాంట్ల వెట్టింది. ఎంగిలిది గాదా?"

"మరి బీరచెక్కు?"

"దానికి ఎంగిలెక్కడిది? ఇంక కూర సుత కాలె." ముత్తవ్వ ఆమె వంక వింతగా చూసింది. "నువ్వే గదనే షెడ్డు నడిపేది. నీకు ఎర్కలేదా?"

తడి, పొడి అని ఆఫీసు వాళ్ళు గోడ మీద రాయించారు. మైకులో చెప్పించారు. చెత్త ఆటోలో పాట కూడా పెట్టారు. కానీ సాంచాలవాడ ఇళ్ళలో తడి, పొడి అన్న తేడా పుట్టకముందే ఎంగిలి, ఎంగిలి కానిది అన్న తేడా పుట్టింది. నోటికి తాకిన గ్లాసు వేరుగా, తాకనిది వేరుగా పెట్టడం నడక నేర్వకముందే నేర్చుకున్న చేతులు అవి. రెండు డబ్బాలు ఇచ్చి వేరు చెయ్యమంటే అవి తమకు తెలిసిన తీరునే వేరు చేశాయి. అంతవరకూ సరే. కానీ ఇంటింటికీ ఇంత అచ్చుగుద్దినట్టు ఎట్లా కుదిరింది? ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

ఎవరు చెప్పారని అడిగితే ముత్తవ్వ బీరకాయను అటూ ఇటూ తిప్పింది. ఆమె మాట కోసం తడుముకోవడం అనురాధ ఎప్పుడూ చూడలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది, నన్ను అడక్కు అంది. అనురాధ లేవలేదు. చిక్కుడుకాయలు అయిపోయినా లేవలేదు.

"మీ అత్తనే," అంది చివరికి ముత్తవ్వ. "బాలమణక్కనే ఇల్లిల్లు తిరిగి జెప్పింది. నేను జెప్పిన్నని అనకు. ఆమెతోని నేను మాట వడ."

అనురాధ ఇంటికి ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు. అత్త బాలమణికి షెడ్డు గిట్టదు. అది వాడంతా ఎరిగిన సంగతే. షెడ్డు పెట్టినప్పటి నుంచి దాని గడప తొక్కలేదు. కోడలు సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో నీళ్ళు తోడి పెట్టి, తానం చేసేదాకా ఏ గిన్నే ముట్టనిచ్చేది కాదు. షెడ్డు మాట ఎత్తితే లేచి పోయేది. అట్లాంటి అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పిందంటే షెడ్డు మూతబడాలనే కదా. దారంతా ఆమెకు ఇదే తోచింది. 

ఇంట్లో దేవదాసు సాంచ నడుపుతున్నాడు. బాలమణి రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. అనురాధ చెప్పులు విడిచి నేరుగా ఎదురుగా పోయి నిలబడింది. తానానికి పోలేదు.

"ఎంగిలియన్ని పచ్చదాంట్ల ఎయ్యిమని వాడల జెప్పింది నువ్వేనా అత్తమ్మా?"

బాలమణి రాట్నం ఆపలేదు. అయితే ఏంది అంది. చేసిన పనిని దాచే మనిషి కాదు ఆమె. లోపల సాంచ చప్పుడు టక్కున ఆగిపోయింది. దేవదాసు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వెందుకచ్చినవ్?" అంది బాలమణి.

"గింత మంచి లొల్లి సాంచ సప్పుడుల ఇనవడ్తలేదు," అన్నాడు ఆయన, దగ్గు ఆపుకుంటూ.

అనురాధకు నవ్వు రాలేదు. గొంతు లేపకుండానే అడిగింది. షెడ్డు నచ్చకపోతే తన మొహం మీద చెప్పాల్సింది, వెనక నుంచి గొయ్యి తవ్వడం ఎందుకని అడిగింది. ఆ మాటకు బాలమణి చేయి రాట్నం మీద నిలిచిపోయింది. 

"షెడ్డు వెట్టిన కొత్తల నీకు సద్ది తెచ్చిన. యాదికున్నదా?"

"ఉన్నది. గేటుకు తలిగిచ్చి లోపలికి రాకుంట మర్లిపోయినవ్. నాకు కోపమచ్చింది."

"నీకు కోపమచ్చింది. నాకు ఆ దినం బువ్వ పోలె." బాలమణి మాటలు ఒక్కొక్కటే, కండె మీద పోగు చుట్టినట్టు వచ్చాయి. "గేటు కాడికెల్లే సూసిన. నువ్వు వట్టి చేతులతోని ఎవ్వలో సప్పరించి పారేసిన బొక్కలు ఏరుతున్నవ్. నా ఇంటి కోడలు ఊరోళ్ళ ఎంగిలి ఎత్తవట్టె. మానుకొమ్మంటె నువ్వు మానేదానివి గాదు, మొండిదానివి. గందుకే ఇల్లిల్లు తిరిగిన. పచ్చ డబ్బలది పారతోని గుంతల ఏస్తరు, దాన్ని ఎవ్వలు ముట్టరు. నీలం డబ్బల మా కోడలు చెయ్యి వెడ్తది. అండ్ల ఎవ్వలి ఎంగిలి ఉండద్దని జెప్పిన. కాళ్ళు మొక్కినట్టు జెప్పిన. అందరు ఇన్నరు."

 అనురాధ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. షెడ్డులో ఆమె కూర్చునే చోటు నీలం డబ్బాల వైపే. అక్కడ అట్టలు, కవర్లు, సీసాలు చేతులతో ఏరి కట్టలు కట్టాలి. ఇన్ని రోజులుగా తాను ఒక్క ఎంగిలి సీసా కూడా ముట్టుకోలేదన్న సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది. వాడ మొత్తం, తాను తిట్టిన వాడ, తన చేతులకు ఎంగిలి తగలకూడదని ప్రతి పూటా డబ్బాల ముందు నిలబడి ఆలోచించి వేసింది. తాను వాళ్ళను లెక్కలేని మనుషులంది.

కానీ బాధపడుతూ కూర్చుంటే పొద్దు ఆగదు. రేపటి మాట ఉంది. ఇన్‌స్పెక్టర్ చెప్పింది మొత్తం అత్తకు చెప్పింది. పొట్టు కలిసి అట్టలు కుళ్ళిపోతున్నాయని, ప్లేట్లు, కవర్లు పడి గుంతలో ఎరువు కావడం లేదని, రేపు సార్లు అదే చూస్తారని, ఆ తర్వాత వచ్చేది పాత పొగేనని చెప్పింది. బాలమణికి ఇవేవీ తెలియవు. తెలిసేట్టు ఎవరు చెప్పారు కనుక? షెడ్డు మాట ఎత్తనిస్తే కదా.

"వాడకు ఇంకో తాప చెప్పాలె అత్తమ్మా. నేను జెప్తె ఇనరు. నువ్వు జెప్పాలె."

"ఏమని? ఎంగిలి, ఎంగిలి గానిది కలుపున్రని చెప్పాల్నా? నా నోటితోని అత్తదా ఆ మాట?"

"పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మనే గదా పేరుస్తం. గౌరమ్మకు లేని పట్టింపు మనకెందుకు?"

"పూలు వేరు, బొక్కలు వేరు. నాకు నేర్వకు."

అనురాధ వాదం పెంచలేదు. అత్తతో వాదం పెట్టుకుంటే ఆమె రాట్నం తిప్పే వేగం పెరుగుతుందే తప్ప మాట కదలదు. దేవదాసు చేతిలో నీళ్ళు తాగిన స్టీలు గ్లాసు ఉంది. లేచి అది అందుకుంది. జాలారి దగ్గరికి తీసుకుపోయి, బూడిదతో తోమి, కడిగి తెచ్చి అత్త ముందు పెట్టింది.

"ఇది ఎంగిలిదా?"

బాలమణి గ్లాసును చూసింది, కోడలిని చూసింది. కోడలు ఎటు తీసుకుపోతోందో ఆమెకు అర్థమైంది. అయినా అబద్ధం ఆడలేదు. కడిగినంక ఎంగిలి ఎట్లుంటది అంది.

"మరి సీసకు, పలేటుకు గట్ల కాదా? జర నీళ్ళతోని కడిగి నీలం దాంట్ల ఏస్తె నా చేతికి ఏం అంటుతది?"

బాలమణి వెంటనే ఒప్పుకోలేదు. సీసా సంగతి సరే అంది. పొట్టు మాటేంటి? ఎంగిలి కానిదాన్ని చేతులారా తీసుకుపోయి ఎంగిలిలో వెయ్యమని ఏ మొహంతో చెప్పాలి? అనురాధ షెడ్డు గురించి తనకు తెలిసిందంతా మనసులో తిరగేసింది. ఏదీ పనికి రాలేదు.

తలుపు దగ్గర నుంచి దేవదాసు అన్నాడు: "వెనకట పెరట్ల పెంటకుప్ప ఉండె. ఎంగిలన్నం, పొట్టు, పేడ, అన్ని దాని మీదనే పోస్తుంటిమి. ఎండకాలం పొలాలోళ్ళు బండ్లు కట్టుకొని అచ్చి తీస్కవోతుండిరి. మట్టి ఎన్నడన్న ఇది ఎంగిలని మొకం తిప్పుకున్నదా?"

బాలమణి మొగుడి వంక చూసింది. ఈ మనిషి నోట పనికొచ్చే మాట వచ్చి చాలా ఏళ్ళయినట్టు చూసింది. తర్వాత కండెలు బుట్టలో సర్ది, మోకాలి మీద చేయి ఆన్చి లేచింది.

"మట్టికి ఎంగిలి లేదు," అంది తనలో తాను. "మట్టికి పోయేదంత పచ్చదాంట్ల. మట్టికి పోనిది కడిగి నీలందాంట్ల." మళ్ళీ ఆగి, కోడలి వైపు వేలు చూపించింది. "నూలు మాత్రం ఏ డబ్బల సుత వడద్దు. అది మన బువ్వ. దానికి వేరే సంచి కట్టుకోవాలె. గది ఒప్పుకుంటెనే నీ ఎంట నడుస్త."

నూలు పోగులు నీలం డబ్బాల అట్టలకు, కవర్లకు చుట్టుకుని రోజూ పీకే పనే. అనురాధ ఎప్పుడో ఒప్పుకునేది, అడిగితే.

దీపాలు పెట్టే వేళకు ముందే ఇల్లిల్లూ తిరగాలి. దీపం పెట్టాక చెత్త మాట ఎత్తితే ఏ ఇల్లాలూ గుమ్మంలో నిలబడనివ్వదు. అత్త ముందు, కోడలు వెనక. బాలమణి ఎక్కడా తాను తప్పు చెప్పానని అనలేదు. నేటి సంది గిట్ల అని మొదలుపెట్టేది. మట్టి మాట చెప్పేది. ఏదైనా సీసా కనబడితే తానే కడిగి చూపించేది. నిన్నటిదాక గట్లంటివి, ఇయ్యాల గిట్లంటివి, రేపేమంటవని ముత్తవ్వ వాడంతా వినేట్టు అడిగింది. రేపు నువ్వు అడగకముందే చెప్తా అని బాలమణి జవాబిచ్చింది. దానికి అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే సగం పని అయింది.

తక్కిన సగం అంత తేలికగా కాలేదు. చెత్త డబ్బా తెరవడమంటే ఇల్లు తెరిచి చూపించడమే. బొక్కలు పడితే అయ్యప్ప మాల వేసుకున్న ఇల్లు అందరి నోళ్ళలో పడుతుంది. మొగుడు తాగడం మానాడని చెప్పుకున్న ఇల్లాలు సీసాలను ఎంగిలన్నం కింద దాస్తుంది. దువ్విన వెంట్రుకలు ఎవరి చేతికీ పోవద్దని, చేతబడి చేస్తారని ఒకామె భయం. ఎంగిలి అన్నది ఒక్కటే కాదు, ఇన్ని గుట్లు కూడా ఆ డబ్బాల్లో ఉన్నాయని అనురాధకు ఆ సాయంత్రం తెలిసింది. ఎవరినీ కోప్పడలేదు. డబ్బా మూత వాడ మధ్యలో తీయించనని, మీ డబ్బాలో ఏముందో షెడ్డు గోడ దాటదని మాట ఇచ్చింది. మొన్న తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని కూడా ప్రతి గుమ్మంలో అంది. కొందరు సరే అన్నారు, కొందరు చూద్దాం అన్నారు. తలుపు వేసుకున్న ఇల్లు మాత్రం లేదు.

తెల్లవారింది. సాంచాలు ఇంకా పూర్తిగా అందుకోలేదు. బోరింగు కాడ ఆడవాళ్ళు సీసాలు, ప్లేట్లు కడుగుతున్నారు. పెళ్ళివారి గిన్నెలు తోమినట్టుంది ఆ సందడి. గుమ్మాల పక్కన తలుపు గొళ్ళేలకు నూలు సంచులు వేలాడుతున్నాయి. ఒక ఇంటి ముందు డబ్బా మూత ఎత్తి చూసింది అనురాధ. ఉల్లిపొట్టు అన్నం మీద ఉంది. మూత మెల్లగా మూసింది. ఇట్లా ఉంటే సార్లు వచ్చి ఏ డబ్బా తెరిచినా భయం లేదు.

షెడ్డు ఊడ్చి పెట్టాలని బయలుదేరింది. గడప దాటుతుంటే వెనక చెప్పుల చప్పుడు. బాలమణి. నేను సుత చూస్త అంది. అనురాధ అడుగు తగ్గించి అత్తతో సమంగా నడిచింది.

మలుపు తిరిగేసరికి వాసన ముందు తగిలింది. తర్వాత ట్రాక్టరు కనబడింది. ట్రాలీ వెనక్కి తిప్పి షెడ్డు గేటు ముందు ఆపి ఉంది. చికెన్ దుకాణాల ఈకలు, ఫంక్షన్ హాలు విస్తళ్ళు, కుళ్ళిన టమాటలు అన్నీ ఒక్క కుప్పగా అంచులు పొర్లుతున్నాయి. గేటుకు తాళం ఉంది. అది అనురాధ వేసిన తాళం కాదు. కొత్తది, పెద్దది.

డ్రైవరు సాయికుమార్ కిందకు దిగి నిలబడి ఉన్నాడు. ఎల్లారెడ్డిపేట నుంచి కూలికి వచ్చిన పిలగాడు. అనురాధను చూసి తల దించుకున్నాడు.

"నాకేం ఎర్కలేదక్కా. జయంత్ రావు సార్ తాళమేసి పోయిండు. షెడ్డు బందైందట, ఇయ్యాల్టి సంది ట్రిప్పులు ఈడనే పొయ్యిమన్నడు."

"ఇంక బంద్ కాలె. సార్లు రానేలేదు."

"నేను పొయ్యకపోతె నా పని పోతదక్కా."

అనురాధకు జయంత్ రావు లెక్క అర్థమైంది. సార్లు వచ్చేసరికి గేటు ముందు ఈ కుప్ప ఉంటే చాలు. వాడలో కడిగిన సీసా ఒక్కటీ వాళ్ళ కంట పడదు. ముక్కు మూసుకుని దూరం నుంచే వెనక్కి పోతారు. ఇన్‌స్పెక్టర్ విజయ్‌కు ఫోను కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపింది. బండి మీద వస్తున్నాడేమో, ఎత్తలేదు. సాయికుమార్ ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను లేపాడు.

అప్పుడు బాలమణి కదిలింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, కింద పడిన విస్తళ్ళ మీద నుంచి, టమాటల రసం మీద నుంచి నడిచిపోయింది. ట్రాలీ వెనక తలుపుకూ షెడ్డు గేటుకూ మధ్య కాస్త జాగా ఉంది. కొంగు తల మీదకు లాక్కుని అక్కడ కూర్చుంది. పూజకు కూర్చున్నట్టు తీరుగా, కాళ్ళు మడుచుకుని. ఆమె చీర అంచు మురికిలో తడుస్తోంది. ఆమె దాన్ని పక్కకు జరుపుకోలేదు.

అనురాధ ఫోను బొడ్లో దోపుకుంది. పోయి అత్త పక్కనే కూర్చుంది.

సాయికుమార్ వెనక్కి తిరిగి చూసి అదిరిపడ్డాడు. అవ్వా లే, మీద వడ్తది అని అరిచాడు. పడనీ అంది బాలమణి. ఇంజను చప్పుడులో ఆమె గొంతు చిన్నగానే వినబడింది గానీ వణకలేదు.

"పొయ్యి బిడ్డా. పోసినంక నన్ను ఏ డబ్బల ఎయ్యాల్నో ఆ సార్లనే అడుగుదాం."

బోరింగు కాడ నుంచి ముత్తవ్వ చూసింది. చేతిలో కడుగుతున్న ప్లేటు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. వాళ్ళు ట్రాలీ చుట్టూ చేరేలోపే సాయికుమార్ జేబులో ఫోను మోగింది. చెవికి పెట్టుకున్నాడు. అవతలి మాట ఎవరికీ వినబడలేదు. పిలగాడి మొహంలో రక్తం ఇంకిపోవడం మాత్రం అందరికీ కనబడింది. ఆడోళ్ళు కూసున్నరు సార్ అన్నాడు. మళ్ళీ అన్నాడు. తర్వాత, పొయ్యాల్నా సార్ అని అడిగాడు.

అత్త చేయి కోడలి చేతిని వెతుక్కుని పట్టుకుంది. షెడ్డులో పని చేసే ఆ చేతిని, తానం కాని వేళ, ఆమె పట్టుకోవడం ఇదే మొదటిసారి.

సాయికుమార్ ఫోను చెవి నుంచి తీయకుండానే రెండో చేత్తో ట్రాలీ లేపే కడ్డీ లాగాడు. ట్రాలీ ముందు అంచు మెల్లగా పైకి లేవడం మొదలైంది.